గేమ్ మధ్యలో ఆగిపోయే సిస్టమ్: ముందు మూత విప్పి చూడు

తమ్ముడూ, ఇరవై నిమిషాలు గేమ్ ఆడగానే సిస్టమ్ టప్పున ఆగిపోతోందని, వెంటనే ఆన్ చేస్తే రెండు నిమిషాలకే మళ్లీ పోతోందని రాశావు. కాసేపు వదిలేస్తే మామూలుగా నడుస్తోందన్నావు చూడు, అదే అసలు గుర్తు. చాలావరకు ఇది వేడి సమస్యే. విండోస్ మళ్లీ వేయించకు, డబ్బు దండగ.

మాది మిర్యాలగూడ, రైస్ మిల్లుల వైపు. పోయిన ఎండాకాలం మాకూ ఇదే టెన్షన్. ప్లగ్ పీకి పక్క మూత విప్పితే, ప్రాసెసర్ ఫ్యాన్ కింద వేడిని లాగేసే లోహపు దిమ్మె (హీట్‌సింక్) రెక్కల మధ్య ఊక దుమ్ము దుప్పటిలా పేరుకుపోయి ఉంది. గాలి దూరే సందే లేదు. ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తటి పెయింట్ బ్రష్‌తో దులిపాను. హీట్‌సింక్ తీసి, ప్రాసెసర్ వేడిని దానికి చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే తుడిచేసి, బఠాణీ గింజంత కొత్తది పెట్టాను. అంతే, మళ్లీ ఆగలేదు.

విండోస్ తనలో జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని కనిపిస్తే భయపడకు. సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే దానర్థం, కారణం చెప్పదు. విండోస్ మొదలవకముందు తెరుచుకునే సెట్టింగ్స్ తెర, అదే బయోస్‌లో ప్రాసెసర్ వేడి చూడు. ఊరికే ఉన్నప్పుడే 80 డిగ్రీలు దాటితే కూలింగ్ పనిచేయట్లేదన్నట్టే. వేడి మామూలుగా ఉండి కూడా ఆగిపోతుంటే, ఎవరిదైనా మంచి ఎస్‌ఎమ్‌పీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) అడిగి తెచ్చి, మార్చి చూడు. ఆ డబ్బాను మాత్రం విప్పకు, ప్లగ్ తీసినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది.