మేడని మ్యూజియం చేసే ముందు

చిన్నోడా,

మన మేడని మ్యూజియం చేసి ఊరికిచ్చేద్దామన్నావు, సంతోషం. మ్యూజియంలో పనిచేసి రిటైరైన మేనత్తని కాబట్టి నన్నడిగావు, నేనూ మొహమాటం లేకుండా రాస్తున్నాను. రిబ్బన్ ఎవరిచేత కత్తిరించాలన్న గొడవ ఇప్పుడే వద్దు.

ముందు కాగితాలు. ఇల్లు ఇంకా తాతగారి పేరునే ఉంది. మీ నాన్న, బాబాయి సరేనంటే సరిపోదు, ఆడపిల్లల సంతకాలూ కావాలి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో కూతుళ్ళకీ కొడుకులతో సమానంగా హక్కుంది. నా వాటా నేను రాసిచ్చేస్తాను. అమెరికాలో ఉన్న మీ చిన్నత్త దగ్గర పవరాఫ్ అటార్నీ తెప్పించు. ట్రస్టు పెట్టి, రిజిస్టరు చేసిన దానపత్రంతో ఇల్లు దాని పేరున పెట్టండి. ట్రస్టీల్లో మనవాళ్ళు సగానికి మించకూడదు. ఈ ఒక్కదాంట్లో నేను తగ్గను.

గోడలకి ఉప్పు పట్టిందని మేస్త్రీ సిమెంటు పూత వేస్తానన్నాడట. వద్దంటే వద్దు. మన కోనసీమలో కొద్దిగా తవ్వితే నీళ్ళు. ఆ తేమ ఇటుకల్లోంచి పైకి పాకుతుంది, పాత సున్నపు గోడ దాన్ని బయటికి వదిలేస్తుంది. సిమెంటు వేస్తే దారి మూసుకుపోయి తేమ ఇంకా పైకెక్కుతుంది. కొన్నేళ్ళకి పూత పెచ్చులుగా ఊడిపోతూ ఇటుకనీ లాక్కొస్తుంది. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరికేదాకా ఆగు. మంచి వాన పడ్డప్పుడు మండువాలో నిలబడి నీళ్ళు తూములోంచి పోతున్నాయో లేదో చూడు. దూలం చివరలు గోడలోకి వెళ్ళేచోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు, మెత్తగా దిగితే పుచ్చిందన్నమాటే. 1996 తుపానుకి పెంకులు లేచిపోయినచోట వేసిన రేకులు తీయించి మళ్ళీ పెంకులే వేయించు. సావిట్లో గోడమీద 1986 వరద నీటి మరకుంది కదా, దాని మీద మాత్రం సున్నం కొట్టనివ్వకు. వచ్చే పిల్లలకి తాతగారి పటం కంటే అదే ఎక్కువ చెబుతుంది.

పటాలంటే గుర్తొచ్చింది, గోడకి నకళ్ళు తగిలించు, అసలువి ఎండా తేమా తగలని పెట్టెలో ఉంచు. 100 ఏళ్ళు దాటిన విగ్రహాలు, 75 ఏళ్ళు దాటిన విలువైన రాతప్రతులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటిలో ఏవి రిజిస్టరు చేయించాలో పురావస్తు శాఖవాళ్ళని అడుగు.

ఇక ఏం చూపిస్తావన్నది. తాతగారి కుర్చీ, బీరువా, సన్మానపత్రాలేనా? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవ నీళ్ళొచ్చాకే మనవాళ్ళ చేతిలో డబ్బాడింది, మేడ లేచింది. ఆ వరి నాటినవాళ్ళ, కోసినవాళ్ళ పేర్లు జమాఖర్చు పుస్తకాల్లో ఉన్నాయి, ఎవరికి ఎన్ని కుంచాలు కొలిచారో సహా. ఆ పేజీలు తెరిచి పెట్టు. వీధి గుమ్మం దాటనివ్వనిది ఎవరినో అదీ రాయించు. మీ బాబాయికి నచ్చదు, తెలుసు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు ఒకసారి చూసి రా, ఇంట్లో తిరుగుతుంటే జనం ఏం అడుగుతారో విను.

డబ్బు సంగతి. ఓపెనింగుకి విరాళాలిచ్చేవాళ్ళు బోలెడుమంది, మూడో ఏడు కరెంటు బిల్లు కట్టేవాడుండడు. కాలవగట్టు కొబ్బరితోట కూడా ట్రస్టుకి రాయించి కౌలుకివ్వండి. వాచ్‌మన్ జీతం, పెంకుల మరమ్మతు, చెదల మందు అందులోంచి వెళ్ళాలి. ఆడవాళ్ళకి వేరే బాత్రూమ్ కట్టకుండా మాత్రం తలుపులు తెరవకు.

సంక్రాంతికి అందరూ వస్తారు కాబట్టి దానపత్రం ముసాయిదా అప్పటికి సిద్ధం చెయ్యి. బాబాయితో నేను మాట్లాడతాను.

ఇట్లు,
మీ మేనత్త