సిమెంట్ బోర్డు ఒక్కటే ఉంటే సరిపోతుందా? టైల్ వెనక వాటర్‌ప్రూఫింగ్

అమెరికాలో చెక్క ఫ్రేము ఇల్లు, టబ్ చుట్టూ మూడు గోడలు. సిమెంట్ బోర్డు కొట్టి దానిమీద నేరుగా టైల్ అతికిస్తాను, కోడ్ అడిగేది అంతే అని కాంట్రాక్టర్ అంటున్నాడు, సరేననాలా అన్నది మీ ప్రశ్న. సరే అనకండి.

కోడ్ సంగతిలో ఆయన చెప్పింది సగం నిజం. అక్కడ ఎక్కువచోట్ల ఆధారం ఐఆర్‌సీ అనే నివాస గృహాల కోడ్. స్థానికంగా మార్పులు ఉంటాయి కాబట్టి మీ ఊరి బిల్డింగ్ ఆఫీసులో ఒకసారి అడగండి. షవర్ ఉన్న టబ్ గోడలకు, ఈ కోడ్ ప్రకారం, నేల నుంచి కనీసం 6 అడుగుల ఎత్తు దాకా నీరు పీల్చని ఉపరితలం ఉండాలి, టైల్ వెనక సిమెంట్, ఫైబర్ సిమెంట్ లేదా గ్లాస్ మ్యాట్ జిప్సం బోర్డు ఉండాలి అంటుంది. ఒకప్పుడు చెల్లిన గ్రీన్ బోర్డుకు (తేమను కొంత తట్టుకునే జిప్సం బోర్డు) 2006 ఎడిషన్ నుంచి ఆ గోడల్లో చోటు లేదు. అయితే ఆయన వదిలేసిన మాట ఒకటుంది: బోర్డును తయారీదారు సూచనల ప్రకారమే బిగించాలని కూడా కోడే చెబుతుంది. చాలా సిమెంట్ బోర్డుల సూచనల్లో తడి గోడకు వెనక తేమను ఆపే షీటో, ముందు మెంబ్రేనో (నీటిని ఆపే పొర) వేయమని ఉంటుంది. ఆ కాగితం తెప్పించి ఆయనతో కలిసి చదవండి.

సిమెంట్ బోర్డు నీటికి పాడవదు, కానీ నీటిని ఆపదు. మిగిలిన ముక్క మీద నాలుగు చుక్కలు వేసి చూడండి, కాసేపటికి అక్కడ నల్లటి మరక మిగులుతుంది, నీరు లోపలికి పోతుంది. టైళ్ల మధ్య సందుల్లో నింపే మామూలు సిమెంట్ గ్రౌట్ కూడా అంతే. టైల్ దాటి, బోర్డు దాటి వచ్చిన చెమ్మ గోడ లోపలి నిలువు చెక్కలకు, అంటే స్టడ్‌లకు, చేరి ఎండే దారిలేక బూజు పడుతుంది, ఆపైన కుళ్ళు.

దారులు రెండు. మొదటిది, బోర్డు వెనక స్టడ్‌ల మీద 6 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మందం ప్లాస్టిక్ షీటు లేదా 15 పౌండ్ల రకం తారు ఫెల్ట్. పై షీటు కింది షీటు మీదికి రావాలి, అడుగున టబ్ అంచు మీదుగా దిగాలి. రెండోది, బోర్డు ముందు ఏఎన్‌ఎస్‌ఐ ఎ118.10 అనే అమెరికా ప్రమాణానికి సరిపడే పూత మెంబ్రేన్. నేనైతే రెండోదే ఎంచుకుంటాను, బోర్డు కూడా పొడిగా ఉంటుంది. రెండూ కలిపి మాత్రం వేయకూడదు; మధ్యలో చిక్కిన తేమకు బయటికి దారి ఉండదు.

పూత వేస్తే అసలు పని అతుకుల్లోనే. బోర్డుల మధ్య ఎనిమిదో వంతు అంగుళం, టబ్ అంచు పైన పావు అంగుళం ఖాళీ వదలాలి. తుప్పు పట్టని సిమెంట్ బోర్డు స్క్రూలే వాడాలి, సుమారు 8 అంగుళాలకొకటి. అతుకుల్లో థిన్‌సెట్ (టైల్ అతికించే సిమెంట్ మిశ్రమం) నింపి అందులో క్షారాన్ని తట్టుకునే మెష్ టేపు పొదగాలి. మామూలు జిప్సం బోర్డు టేపు సిమెంట్‌లో క్రమంగా చివికిపోతుంది. మూలలకు, స్క్రూ తలలకు, కుళాయి పైపు రంధ్రాల చుట్టూ ముందుగా బ్రష్‌తో పూత, ఆ తర్వాత గోడంతా రెండు పూతలు, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. షవర్ తల పైదాకా వేయడం మేలు. సబ్బులు పెట్టే గూడు ఉంటే దాని అడుగు బయటికి వాలాలి, లోపలంతా పూత పడాలి.

ఎక్కువగా తప్పేది మందం దగ్గర. లెక్క తేలికే: 5 అడుగుల వెనక గోడ, రెండు వైపులా రెండున్నర అడుగులు, 6 అడుగుల ఎత్తు, మొత్తం 60 చదరపు అడుగులు. గాలన్‌కు 50 చదరపు అడుగులని డబ్బా మీద ఉంటే, గాలన్ పైనే ఖర్చు కావాలి. సగం డబ్బా మిగిలిందంటే పొర పలచనయిందన్నమాట. తడిగా ఉన్నప్పుడే దువ్వెనలాంటి మందం గేజ్‌ను నొక్కి చూడవచ్చు.

గోడ, టబ్ కలిసేచోట, రెండు గోడలు కలిసే మూలల్లో గ్రౌట్ వద్దు, సిలికోన్ వేయించండి. అక్కడ కదలిక ఉంటుంది, గ్రౌట్ పగులుతుంది.

టైల్ మొదలెట్టే ముందురోజు పూత ఎండాక ఒక టార్చి గోడకు ఆనించి పక్క నుంచి వెలుతురు వేయండి. సూదిమొన రంధ్రాలు, బ్రష్ తగలని చోట్లు అప్పుడే కనబడతాయి. అక్కడ మరో పూత వేసి, అది ఎండాకే టైల్ ఎక్కించమనండి.