సియోల్‌లో భోజనానికి పిలిచిన మా పాపకు

పాపా,

సియోల్ ఎంబసీలో చేరి నెల తిరక్కుండానే పన్నెండు మందిని భోజనానికి పిలిచావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మెనూ కూడా చదివి వినిపించింది. బటర్ చికెన్, నాన్, గులాబ్ జామూన్. ఇందులో అనంతపురం ఎక్కడుందే? ఆ మూడూ అక్కడి ఏ ఇండియన్ హోటల్‌కు పోయినా దొరుకుతాయి, నీ ఇంటిదాకా రావడమెందుకు?

ఎంబసీల్లో విందుల ఏర్పాట్లు చూస్తూ ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి కాబట్టి ముందు నా నిర్వాకం చెప్తా. ఒక దేశంలో, పేరెందుకులే, అక్కడి పెద్ద అధికారికి రాగి సంగటి పెట్టించాను, మనింట్లో పెట్టే సైజులోనే. ఆయన కత్తి, ఫోర్కు తీసుకుని కేకు కోసినట్టు కోయబోయాడు. సంగటి కత్తికి అంటుకుంది. విదిలిస్తే రాలేదు, ఫోర్కుతో గీకితే ఫోర్కుకు పట్టింది. ఈలోగా నాటుకోడి పులుసు ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు, చెవులు ఎర్రబడ్డాయి. ఇక మావాళ్లు ఆయనతో మాట్లాడాలనుకున్నదంతా పక్కకు పోయి, సాయంత్రమంతా మంచినీళ్లు అందించడంతోనే సరిపోయింది. వంట మాత్రం అమృతం. నిమ్మకాయంత ఉండలు చేయించి, కారం సగం చేసి, పులుసులో ముంచి నేనొకటి ముందు మింగి చూపించాల్సింది. మన రుచి ఎంత గొప్పదో చూపిద్దామనుకున్నాను గానీ, ఎదుటివాడు ఎలా తింటాడో ఆలోచించలేదు.

ఇది చిన్న విషయమనుకోకు. థాయిలాండ్ ప్రభుత్వం 2002లోనే పథకం పెట్టి మరీ ప్రపంచమంతా థాయ్ హోటళ్లు పెరిగేలా చూసింది. నువ్వున్న కొరియాలో అయితే మెనూ కూడా రాజకీయమే. 2017లో ట్రంప్‌కు ఇచ్చిన విందులో దోక్దో దీవుల రొయ్యలు వడ్డిస్తే జపాన్ అభ్యంతరం చెప్పింది, ఆ దీవులు తమవేనని వాళ్లంటారు కాబట్టి. 2018 ఏప్రిల్‌లో రెండు కొరియాల నాయకులు కలిసినప్పుడు ఉత్తర కొరియా నాయకుడు కిమ్ తమ రాజధాని ప్యాంగ్యాంగ్ నుంచి చల్లని నూడుల్స్ తెప్పించాడు. వాటి కోసం ఆ రోజు సియోల్ హోటళ్ల ముందు జనం క్యూ కట్టారు. అందుకే అక్కడ ఏ వంటకానికి ఏ ఊరి పేరు చెప్తున్నావో రెండుసార్లు చూసుకో.

మనవాళ్లూ తక్కువ తినలేదు. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్య సమితితో ప్రకటింపజేసింది మనమే. ఆ సెప్టెంబరులో ఢిల్లీ జీ20 విందులో కొర్రలు, సామలు, ఊదలు మూడూ ఉన్నాయి. మా చిన్నప్పుడు ఇంటికి చుట్టాలొస్తే కొర్రన్నం కుండ చాటున పెట్టి, వరి బియ్యం అప్పు తెచ్చేవాళ్లం!

నీకు పనికొచ్చేది ఇక్కడే ఉంది. కొరియావాళ్లు కూడా కొర్రల్ని బియ్యంలో కలిపి వండుకుంటారు, ‘జోబాప్’ అంటారు. కాబట్టి కొర్రన్నం పెట్టు, మీ తాతల తిండి, మా తాతల తిండి ఒకటే అని చెప్పు. తర్వాత వాళ్లే మాట్లాడతారు. జిగట పిండివంటలు వాళ్లకు అలవాటే కనుక సంగటి చిన్న ఉండలు ధైర్యంగా పెట్టొచ్చు. ఉగ్గాని, బజ్జీ ముందు ఇవ్వు. చివర్లో ఓళిగ ఒక్కటి చాలు, నెయ్యి పక్కన పెట్టు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది కాబట్టి ఆ వైపు పనిచేసి వెళ్లినవాళ్లు ఎవరైనా తగిలితే తప్పకుండా పిలువు. మన ఎండల గురించి నీకంటే వాళ్లే బాగా చెప్తారు.

అక్కడ పెద్దవాళ్లు చెంచా ఎత్తేదాకా చిన్నవాళ్లు ముట్టరు. నువ్వు ‘తినండి తినండి’ అని అందరి వెంటా పడకుండా, పెద్దాయన ముందు మొదట వడ్డించు. తినడం అయ్యేదాకా ఆఫీసు ఫైళ్ల మాట ఎత్తొద్దు. ఎవరి ప్లేటులో ఏం మిగిలిందో మాత్రం రాత్రికి రాసిపెట్టుకో. బాగుందని అందరూ అంటారు, ప్లేటు మాత్రం అబద్ధం చెప్పదు.

అన్నిటికంటే ముందు, చెనిక్కాయలు పడనివాళ్లు ఎవరైనా ఉన్నారేమో ఫోన్ చేసి కనుక్కో. కొందరికి అది ప్రాణం మీదికి వస్తుంది, మనమేమో చట్నీ నుంచి చిక్కీ దాకా అన్నింట్లో అదే వేస్తాం. ఒక్కరున్నా ఆ రోజు వంటింట్లోకే రానివ్వకు. సంగతి తెలిశాక నాకు రాయి, చెనిక్కాయలు లేకుండా చట్నీ ఎట్లా చేయాలో మీ అత్తను అడిగి చెప్తా.

మీ మామ,
అనంతపురం