జ్లీన్ చూడాలంటే అంగలు లెక్కపెట్టాలి

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. చెక్ దేశంలో బ్ర్నో నుంచి ఒక రోజు జ్లీన్ ఊరు వెళ్లొస్తానని రాశావు. వెళ్లు. కానీ ప్రాగ్ చూసిన కళ్లతో వెళ్తే గంటలోనే విసుగొస్తుంది. గోపురాల చర్చిలూ, రాళ్లు పరిచిన పాత వీధులూ ఆ ఊరి గొప్ప కాదు. ఊరి పేరు 1322 నాటి పత్రంలోనే ఉంది గానీ, తర్వాత ఆరొందల ఏళ్లు అదొక చిన్న పేట. 1894లో టొమాష్ బాటా, అన్న ఆంటొనీన్, అక్క అన్నా కలిసి అక్కడ చెప్పుల పని మొదలెట్టారు. అవును, మన బజార్లో బోర్డు కనిపించే ఆ బాటానే. ధర చివర 99 పెట్టడాన్ని చెక్ వాళ్లు ఇప్పటికీ ‘బాటా ధర’ అనే అంటారు.

ముందు ఏ రోజు వెళ్తావో చూసుకో. మ్యూజియానికి సోమవారం సెలవు. ఫ్యాక్టరీ ఎత్తైన భవనంలో ఇప్పుడు ప్రభుత్వ ఆఫీసులున్నాయి, అది పనిరోజుల్లో చూడ్డం తేలిక. కాబట్టి మంగళవారం నుంచి శుక్రవారం లోపు పెట్టుకో. బ్ర్నో నుంచి నేరుగా బస్సులున్నాయి. రైల్లో వెళ్తే మెయిన్ లైన్ జ్లీన్‌కి పోదు, ఓత్రోకోవిత్సేలో దిగాలి. అక్కడి నుంచి ట్రాలీబస్సు. దిగడం మరిచిపోతే రైలు నిన్ను వేరే దారిన తీసుకుపోతుంది.

ఇక అసలు సంగతి. ఆ ఊరికి ఒక కొలత ఉంది: 6.15 మీటర్లు. కాంక్రీటు స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం అది, దాదాపు ఇరవై అడుగులు. స్తంభాల మధ్య ఖాళీలో ఎర్ర ఇటుక, పైన వరస కిటికీలు. అచ్చు ఒకటే కాబట్టి ఒక చోట విప్పి ఇంకో చోట బిగించి పోత పోసేవారు. అందుకే అంత వేగంగా కట్టగలిగారు. ఫ్యాక్టరీయే కాదు, బడి, హాస్టలు, హోటలు అన్నీ ఆ కొలత గళ్లతోనే. నీ మామూలు నడకలో తొమ్మిది అంగలు ఒక గడి. మొదటి భవనం దగ్గరే అంగలేసి చూసుకో. రెండు గంటలు తిరిగాక లెక్క అక్కర్లేదు, కన్నే చెప్తుంది. 1920ల మొదట్లో ఐదు వేల లోపు జనమున్న ఊరు రెండో యుద్ధం నాటికి ముప్పై వేలు ఎలా దాటిందో అప్పుడు అర్థమవుతుంది.

భవనాల నంబర్లు కూడా చదవడం నేర్చుకో. 21 అంటే ఇరవై ఒకటోది కాదు, రెండో వరసలో మొదటిది. 14, 15 నంబర్లలో మ్యూజియం, గ్యాలరీ, లైబ్రరీ ఉన్నాయి. చెప్పుల చరిత్ర అక్కడే చూడు, గంటన్నర చాలు.

21 దగ్గర మాత్రం తొందరపడకు, ఆఫీసులున్నాయన్న ఎత్తైన భవనం అదే. వ్లాదిమీర్ కార్ఫీక్ రూపకల్పన, 1938లో పూర్తయింది, ఎత్తు 77.5 మీటర్లు. పొడవు 80 మీటర్లు, అంటే పదమూడు గళ్లు. అందులో లిఫ్టులో పెట్టిన యజమాని గది ఉంది. బల్ల, ఫోను, చల్లగాలి యంత్రం, మూలన చేతులు కడుక్కునే బేసిన్, దానికి వేడినీళ్లూ చన్నీళ్లూ. కదిలే గదికి నీళ్లెలా ఇచ్చారో చూపించేవాళ్లని అడుగు, ఆ గదిలో అడగాల్సిన ప్రశ్న అదే. పనివాళ్లని పైకి పిలవకుండా యజమానే వాళ్ల అంతస్తుకి వెళ్లాలని ఆలోచన. టొమాష్ 1932 జులై 12న పొగమంచులో విమానం కూలి చనిపోయాడు. ఈ గది ఆయన సవతి తమ్ముడు యాన్ ఆంటొనీన్‌ది. ఆయన 1939లోనే దేశం విడిచాడు, కాబట్టి వాడింది చాలా తక్కువ. టొమాష్ గదని ఎవరైనా చెప్తే నమ్మకు. పైకప్పు మీదికి కూడా ఎక్కు. అక్కణ్నుంచి లోయంతా, ఫ్యాక్టరీ వరసలన్నీ ఒక్క పటంలా కనిపిస్తాయి. గాలి ఎక్కువ, చున్నీ జాగ్రత్త.

మధ్యాహ్నం లెత్నా పేట. పనివాళ్లకి కంపెనీ కట్టించిన ఇళ్లు: ఎర్ర ఇటుక పెట్టెలు, చదును కప్పు, చుట్టూ తోట, కంచె లేదు. ఎక్కువ భాగం ఒక పెట్టెలో రెండు కాపురాలు. గోడలు పలచన కావడంతో చలి లోపలికొస్తుంది, అందుకని కొందరు బయట నురుగు పలకలు అతికించి సిమెంటు పూశారు. ఇటుక కనిపించని ఇల్లు చూసి వేరే రకం అనుకోకు, కిటికీల స్థానం చూడు. అద్దె తక్కువే, కానీ ఉద్యోగం పోతే ఇల్లూ పోయేది. ఆ ఇళ్లని చూసి నీ స్నేహితులు మరీ మురిసిపోతే ఈ ముక్క చెప్పు. 1922లో చెప్పుల ధర సగానికి కోసినప్పుడు జీతాలు కూడా కోశారని కూడా చెప్పు.

1949 నుంచి 1989 చివరిదాకా ఊరి పేరు గోట్వాల్దోవ్. తొలి కమ్యూనిస్టు అధ్యక్షుడు గోట్వాల్ద్ పేరు మీద పెట్టింది అది. పాత పటాల్లో, పుస్తకాల్లో జ్లీన్ దొరక్కపోతే ఈ పేరుతో వెతుకు. టామ్ స్టోపార్డ్ నాటకాలు చదివావుగా, 1937లో ఇక్కడే పుట్టాడు. తండ్రి బాటా ఆసుపత్రి డాక్టరు. యుద్ధంలో పారిపోయి డార్జిలింగ్ చేరాక తల్లి అక్కడి బాటా షాపే నడిపింది. కోల్‌కతా పక్కన హుగ్లీ ఒడ్డున బాటానగర్ ఉంది కదా, అది కూడా కంపెనీ కట్టిన ఊరే. ఎప్పుడైనా అటు వెళ్తే పోల్చి చూడు.

టొమాష్ స్మారకాన్ని చివరికి ఉంచుకో. 1933లో గహురా అనే వాస్తుశిల్పి కట్టింది. పచ్చిక వాలు ఎక్కాలి, రెండు పక్కలా హాస్టళ్లు. కొలత మళ్లీ అదే, కానీ ఇటుక లేదు, గోడలన్నీ గాజు. లోపల టొమాష్ ఎక్కిన యుంకర్స్ విమానం నమూనా వేలాడుతుంది. లోపలికి వెళ్లాక వెంటనే ఫోటో తీయకు, గాజులోంచి వచ్చే వెలుతురుకి కన్ను అలవాటు పడనీ. వాలు దిగేటప్పుడు గడ్డి తడిగా ఉంటే జారుతుంది, పక్క దారిన దిగు. తిరుగు బస్సు చివరిదెప్పుడో పొద్దున దిగగానే చూసి పెట్టుకో.

పెదనాన్న