కాపర్ టీ వద్దని అనను చెల్లె, కానీ ఏమవుతుందో ముందే అడిగి చెప్పించుకో

బాబుకు ఐదు నెలలు, పాలిస్తున్నాను, మళ్లీ అప్పుడే కడుపు రాకుండా గర్భసంచిలో కాపర్ టీ వేయించుకోవాలా మాత్రలు వాడాలా, సైడ్ ఎఫెక్ట్స్ అంటే భయమేస్తోంది అని అడిగావు కదా. నేను ఏడాదిన్నరలో మూడు రకాలు వాడాను, అందుకే రాస్తున్నా.

మాది హన్మకొండ. 2023 అక్టోబర్‌లో నాకు రెండో కాన్పు. ఎనిమిదో నెల నుంచే మా అమ్మ "ఇద్దరైతున్నరు, ఆపరేషన్ చేపిచ్చుకుంటే ఒక్కపారికి తేలిపోతది" అని ఒకటే పోరు. నాకేమో 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నం కుటుంబ నియంత్రణ క్యాంపులో ఆపరేషన్ అయినవాళ్లలో నలుగురు ఆడవాళ్లు చనిపోయిన వార్త ఇంకా కళ్ల ముందే ఉంది. వద్దన్నాను. అయితే కాపర్ టీ అన్నారు దవాఖానలో, సంతకం పెట్టమన్నారు, పెట్టాను, కాన్పు అయిన రోజే వేశారు. "పదేండ్ల దాకా రంది లేదు" అని ఒక్క మాట చెప్పారు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు బ్లీడింగ్, కడుపునొప్పి ఎక్కువ ఉండొచ్చని, ఆరు వారాలకు వచ్చి చూపించుకోవాలని ఎవరూ చెప్పలేదు. రెండు నిమిషాల పని అది. నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

2024 ఫిబ్రవరి, మేడారం జాతర ముందు వారం. నర్సంపేటలో మా ఆడబిడ్డ ఇంటి నుంచి బాబును ఎత్తుకుని బస్సులో వస్తున్నా. బస్సులు చాలావరకు జాతరకే పోయాయి, ఉన్న వాటిలో కాలు పెట్టే సందు లేదు. గిర్నిబావి దాటాక కడుపులో మెలిపెట్టినట్టయి, ఇక ఆగలేదు. పొద్దున్నుంచి అది నాలుగో ప్యాడ్. పసుపు చీర. వెనక నిలబడ్డ పెద్దాయన కొంచెం పక్కకు జరిగాడు, ఎందుకు జరిగాడో నాకు తెలిసిపోయింది, బస్సు ఆపి దిగిపోదామనిపించింది. కండక్టరమ్మ జీరో టికెట్ ఇవ్వబోతూ నా మొహం చూసింది. ఏమీ అడగలేదు. సంచిలోంచి టవల్ తీసి మడిచి తన సీట్లో వేసి, "కూసో బిడ్డా" అని బాబును తీసుకుంది. ఒక చేత్తో వాడిని భుజానికి ఆనించుకుని, ఇంకో చేత్తో టికెట్లు కొట్టింది. జనం కొంచెం పలచబడ్డాక వంగి చెవిలో అడిగింది, "కాపర్ టీ ఏసిన్రా?" తలూపాను. "నాకు గూడ గిట్లనే అయింది. రక్తం పరీక్ష చేపిచ్చుకో. సదురుకుంటే మంచిదే, లేకుంటే తీపిచ్చుకో. గది నీ ఇష్టం, వాళ్లది కాదు."

తీయించుకోవచ్చన్న సంగతే నాకు అప్పటిదాకా తట్టలేదు చెల్లె! పదేళ్లు అన్నారు కదా, పదేళ్లు మోయాల్సిందే అనుకున్నా.

పరీక్షలో హిమోగ్లోబిన్ 8.2 వచ్చింది, అంటే రక్తం బాగా తక్కువ. ఐరన్ మాత్రలు, బ్లీడింగ్ తగ్గే మాత్రలు ఇచ్చారు. ఏప్రిల్ దాకా చూశా, నాకు సర్దుకోలేదు, తీసేశారు, ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. కాజీపేటలో మా అక్కకు అదే కాపర్ టీ ఏడేళ్లుగా ఉంది, ఉన్నట్టే తెలియదంటుంది. కాబట్టి నా కథ విని భయపడకు. అది గుండెలోకి పాకుతుందని వాట్సాప్‌లో తిరిగే మాటలు అసలే నమ్మకు. కానీ గంటకో ప్యాడ్ నిండిపోతున్నా, జ్వరంతో పొత్తికడుపు నొప్పి వచ్చినా, దుర్వాసన ఉన్నా, కాపర్ టీకి ఉండే దారం చేతికి తగలకపోయినా ఒక్క రోజు కూడా ఆగకు.

తర్వాత కడుపు రాకుండా వేసే అంతర ఇంజెక్షన్ రెండు డోసులు వేయించుకున్నా, మూడు నెలలకొకటి. వేసిన చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. దానితో పీరియడ్స్ మొత్తానికే ఆగిపోయాయి. చాలామందికి అట్లా అవుతుందట, ప్రమాదం లేదట, అది కూడా నాకు తర్వాతే తెలిసింది. మూడుసార్లు ప్రెగ్నెన్సీ కిట్ కొని తెచ్చుకున్నా ఆ టెన్షన్‌లో. మళ్లీ త్వరలో పిల్లలు కావాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి, ఇంజెక్షన్ ఆపాక కడుపు రావడానికి నెలలు పడుతుంది.

నువ్వు పాలిస్తున్నావు కాబట్టి, బాబుకు ఆరు నెలలు నిండేదాకా మాలా లాంటి రోజువారీ మాత్రలు వద్దు. ఛాయ వాడొచ్చు, అది హార్మోన్ మాత్ర కాదు, మన లక్నోలో కనిపెట్టిందే. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. ఇంజెక్షన్ల తర్వాత నేను మారింది దీనికే, ఆదివారం, బుధవారం అని క్యాలెండర్ మీద సున్నా చుట్టుకునేదాన్ని. పీరియడ్స్ ఆలస్యం అవ్వడం తప్ప నాకు ఇంకే ఇబ్బందీ రాలేదు. సర్కారు దవాఖానలో ఉచితమే.

అసలు నాకు మండేది ఇంకోటి. ఇన్ని మాత్రలు, ఇంజెక్షన్లు, రక్తం పోవడాలు అన్నీ మన మీదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వంద జంటల్లో దాదాపు 38 మంది ఆడవాళ్లు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, మగవాళ్లు వెయ్యికి ముగ్గురు! మగవాళ్లకు చేసే ఆపరేషన్, కుట్టు లేని వేసెక్టమీ, అరగంట కూడా పట్టదు. మా అత్తమ్మ "వాడు బరువులు మోసే పిలగాడు, నడుం పడిపోతది" అని ఏడ్చింది. మా ఆయనది వెల్డింగ్ షాపు. నా 8.2 రిపోర్టు చూసిన మనిషి కాబట్టి వినలేదు. 2025 జనవరిలో శుక్రవారం చేయించుకుని సోమవారం షాపు తెరిచాడు, వారం దాకా గ్యాస్ సిలిండర్ మాత్రం కుర్రాడితో ఎత్తించాడు. వెంటనే పనిచేయదు, మూడు నెలలు నిరోధ్ గానీ ఇంకేదన్నా గానీ వాడి, ఆ తర్వాత వీర్య పరీక్షలో కణాలు లేవని చెప్పాలి. అప్పటిదాకా నేను ఛాయ ఆపలేదు.

నువ్వు ఏది ఎంచుకున్నా, దవాఖానకు పోయేటప్పుడు మీ ఆయనను తోలుకుని పో, బయట బండి దగ్గర ఉంటా అంటే ఒప్పుకోకు. డాక్టరమ్మ చెప్పేదంతా పక్కన కూర్చుని విననీ.