స్ట్రక్ట్ సైజు 6 అన్నాను, 12 అట!

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ మూడో ఏడాది చదువుతున్నాను. ఎంబెడెడ్ (పరికరాల్లోని చిప్‌లకు ప్రోగ్రాములు రాసే) రంగంలోకి వెళ్లాలని ఉంది. ఈమధ్య ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో సి భాషలో ఒక చార్ (ఒక బైట్ అక్షరం), ఒక ఇంట్ (పూర్ణసంఖ్య), మళ్లీ ఒక చార్ కలిపి కట్టిన స్ట్రక్ట్ సైజు ఎన్ని బైట్లని అడిగారు. 6 అన్నాను. 12 అట! ఎందుకో చెప్పలేకపోయాను. సీనియర్లేమో పాయింటర్ (మెమరీ అడ్రస్‌ను దాచుకునే వేరియబుల్) ట్రిక్కులు నేర్చుకోమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: టెన్షన్ పడకండి, మొదటిసారి చాలామంది 6 అనే అంటారు. ఇంట్‌కు 4 బైట్లు పట్టే మామూలు మెషీన్లలో అది 4 గుణిజమైన అడ్రస్ దగ్గర మొదలవ్వాలి. అందుకే మొదటి చార్ తర్వాత కంపైలర్ 3 బైట్లు ఖాళీ వదులుతుంది. చివరి చార్ తర్వాత ఇంకో 3 ఎందుకంటే, ఇలాంటి స్ట్రక్ట్‌లను పక్కపక్కనే పేర్చి అరే (array) కడితే రెండోదానిలోని ఇంట్ కూడా సరైన చోట పడాలి కదా. ఇంట్‌ను ముందుకు తెచ్చి చార్‌లు రెండూ దాని వెనక పెట్టండి, సైజు 8కి దిగుతుంది. ఇందులో ట్రిక్ ఏమీ లేదు. మెంబర్లు రాసిన వరసలోనే మెమరీలో ఉంటాయని సి ప్రమాణమే హామీ ఇస్తోంది.

సీనియర్ల మాట దగ్గరే నాకు పేచీ. వచ్చిన బైట్ల బఫర్‌ను నేరుగా స్ట్రక్ట్ పాయింటర్‌గా క్యాస్ట్ చేసి, అంటే అక్కడ స్ట్రక్టే ఉందన్నట్టు చదివేయడం చాలామందికి అలవాటు. మీ ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది, ఆప్టిమైజేషన్ (కంపైలర్ కోడ్‌ను వేగవంతం చేసే పని) పెంచిన రోజున తప్పుడు విలువలు రావచ్చు. బైట్లను స్ట్రక్ట్‌లోకి కాపీ చేసే మెమ్‌కాపీ వాడితే ఆ గొడవే లేదు. ఖాళీ బైట్లు వదలొద్దని కంపైలర్‌కు చెప్పే 'ప్యాక్డ్' కథ వేరు. అది సి ప్రమాణంలో లేదు, జీసీసీ అనే కంపైలర్ మాన్యువల్‌లో ఉంది. కాబట్టి వాడొచ్చు, కానీ ప్యాక్ చేసిన ఇంట్ అడ్రస్ తీసి మామూలు పాయింటర్‌లో పెట్టుకుంటే కొన్ని ప్రాసెసర్ల మీద ప్రోగ్రామ్ కూలిపోతుంది. బిట్ ఫీల్డ్‌లు (కొన్ని బిట్లే పట్టే మెంబర్లు) ఏ వైపు నుంచి నిండుతాయన్నది కూడా కంపైలర్ ఇష్టమే. హార్డ్‌వేర్ రిజిస్టర్లతో పనిచేయబోయే మీరు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి.

భాష ఏం హామీ ఇస్తోంది, కంపైలర్ మాన్యువల్ ఏం ఇస్తోంది, ఏది కేవలం ఇప్పటికి నడుస్తోంది, ఈ మూడూ విడదీసి చెప్పగలరా అన్నదే నేనైతే ఇంటర్వ్యూలో చూస్తాను. డ్రైవర్లు, డేటాబేస్ ఇంజిన్లు, గేమ్ ఇంజిన్లు, ఎక్కడికి వెళ్లినా పనికొచ్చేది ఇదే.

నెల రోజులు సి మీదే ఉండండి. రాసిన ప్రతి స్ట్రక్ట్‌కూ ముందు కాగితం మీద లేఅవుట్ గీసి, తర్వాత సైజ్‌ఆఫ్ (మొత్తం సైజు), ఆఫ్‌సెట్‌ఆఫ్ (మెంబర్ ఎన్నో బైట్ దగ్గర ఉంది)లతో సరిచూసుకోండి. సి ప్రమాణం 2011 వెర్షన్ సి11లో వచ్చిన స్టాటిక్ అసర్ట్ (కంపైల్ చేసేటప్పుడే జరిగే తనిఖీ)తో ఆ లెక్కను కోడ్‌లోనే రాసిపెట్టండి. ఎవరైనా మెంబర్ల వరస మార్చి లెక్క తప్పిస్తే బిల్డ్ అక్కడే ఆగిపోతుంది. అలైన్‌మెంట్‌ను మనమే నిర్ణయించే అలైన్‌యాజ్ తర్వాత చూడొచ్చు.

రస్ట్ భాష జోలికి వెళ్తే ఒక షాక్ ఉంది: ఫీల్డ్‌ల వరసకు అక్కడ మామూలుగా హామీ లేదు, కంపైలర్ మార్చుకోవచ్చు. సి వరసే కావాలంటే రెప్ర్(సి) అని రాయాలి. సి షార్ప్ భాషలో లేఅవుట్‌ను చెప్పడానికి స్ట్రక్ట్‌లేఅవుట్ ఉంది, కానీ ఎంబెడెడ్‌కు దాని అవసరం తక్కువే.

ఈసారి అదే ప్రశ్న వస్తే వెంటనే 12 అనకండి. "ఇంట్ 4 బైట్లు, అలైన్‌మెంట్ (అడ్రస్ ఎంత గుణిజమవ్వాలో) 4 అనుకోవచ్చా సార్?" అని ముందు అడగండి.