ప్లస్ టూ తరువాత అమెరికాలో వాలీబాల్: చదువు కాదు, ఖర్చు చూడండి

అయనావరం నుంచి ఒక తల్లి అడిగిన సందేహం ఇది. వారి అబ్బాయి ప్లస్ టూ వరకు చెన్నై జిల్లా జట్టులో వాలీబాల్ ఆడాడు, ఆగస్టులో బీఎస్ చదవడానికి అమెరికా వెళ్లాడు, తొలి సెమిస్టరు ముగించుకుని సెలవులకు వచ్చి, జనవరి నుంచి అక్కడి క్లబ్ జట్టులో చేరతానంటున్నాడు. చదువు పాడవుతుందేమోనని ఆమె భయం. అమ్మా, చదువు సంగతి వాడు చూసుకుంటాడు. సాయంత్రం రెండు గంటలు కోర్టులో గడిపిన పిల్లలు రాత్రి పుస్తకం ముందు బుద్ధిగా కూర్చోవడమే నేను ఎక్కువగా చూశాను. నా భయమంతా డబ్బు గురించి. మీరు అడగకపోయినా దాని గురించే రాస్తున్నాను, ఎందుకంటే ఇరవై ఆరేళ్ల కిందట ఆ గోతిలో పడి లేచినవాణ్ణి నేను.

నేను పుట్టి పెరిగింది చెన్నైలోని విల్లివాక్కంలో. నాన్నగారు రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్ కర్మాగారంలో ఫిట్టరు. బాగా ఆడితే రైల్వేలోనో బ్యాంకులోనో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందన్నదే మా వీధి పిల్లలకు ఆట గురించి తెలిసిన అర్థశాస్త్రం. నాకు ఆ ఉద్యోగం రాలేదు గానీ ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ కళాశాల జట్టులో ఆడాను. జెర్సీ కళాశాలే కుట్టించేది, టోర్నమెంటుకు వెళ్తే టీఏ డీఏ చేతిలో పెట్టేది, పోయిన క్లాసులకు ఓడీ (ఆన్ డ్యూటీ) అని హాజరు వేసేది. ఆటగాడు తన జేబులోంచి రూపాయి తీయవలసి వస్తుందని మేము కలలో కూడా అనుకోలేదు. ఆ ధీమాతోనే, పెరియమేట్‌లో కొన్న నీక్యాపులు పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టుకుని, 1999 ఆగస్టులో ఎంఎస్ కోసం విమానం ఎక్కాను.

చేరిన మొదటి వారంలోనే వాలీబాల్ కోచ్ గది వెతికి పట్టుకుని, నేను రాష్ట్రస్థాయి లిఫ్టర్‌నని చెప్పి, స్కాలర్‌షిప్ ఎంత ఇస్తారని అడిగాను. ఆవిడ మహిళల జట్టు కోచ్. ఆ విశ్వవిద్యాలయంలో పురుషుల వాలీబాల్ జట్టే లేదు. పైగా స్మాష్ కొట్టేవాడికి బంతి ఎత్తి ఇచ్చే ఆటగాణ్ణి మనం లిఫ్టర్ అంటాం, అక్కడ సెట్టర్ అంటారు. లిఫ్ట్ అంటే బంతిని చేతిలో నిలిపి మోయడం, రిఫరీ ఈల ఊది పాయింటు ఎదుటివారికి ఇచ్చే తప్పు. నేను ఫౌళ్లు చేయడంలో రాష్ట్రస్థాయి వాణ్ణని పరిచయం చేసుకున్నానన్నమాట. పాపం, ఆవిడ నవ్వు ఆపుకుని క్లబ్ జట్టు పిల్లల ఫోన్ నంబరు రాసిచ్చింది.

ఈ తరం పిల్లలు అన్నీ ఫోనులో చూసి వెళ్తారు కాబట్టి నియమాల గురించి ఎక్కువ చెప్పను. అక్కడ కళాశాల క్రీడలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ. దాని పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో మహిళల వాలీబాల్ జట్లు 300కు పైగా ఉంటే పురుషులవి కొద్ది డజన్లు మాత్రమే. నా రోజుల నుంచి మొన్నమొన్నటి దాకా ఒక పురుషుల జట్టు మొత్తానికి 4.5 స్కాలర్‌షిప్‌లకు మించి ఇవ్వకూడదు, వాటినే కోచ్ పది మందికి ముక్కలు చేసి పంచేవాడు. మూడో స్థాయి అయిన డివిజన్ త్రీలో ఆటకు స్కాలర్‌షిప్ అసలే ఉండదు. విశ్వవిద్యాలయపు అసలు జట్టుకు ఆడాలనుకునేవారు ఇక్కడి రాత్రి టోర్నమెంట్లలో తీసుకున్న నగదు బహుమతులను దాచకుండా కోచ్‌కు ముందే చెప్పాలి. మిగిలినవి ఎన్‌సీఏఏ సైటులో ఉంటాయి.

మీ అబ్బాయి చేరబోయేది క్లబ్ జట్టు. దాన్ని నడిపేది విద్యార్థులే. అధ్యక్షుడు, కోశాధికారి కూడా ఇరవై ఏళ్ల పిల్లలే. విశ్వవిద్యాలయం ఇచ్చేది చాలకపోతే మిగిలినది ఆటగాళ్లు పంచుకుంటారు. నేను ఏమీ అడగకుండా సంతకం చేశాను. చందా 250 డాలర్లు అన్నారు. జెర్సీ, టోర్నమెంటు ప్రయాణాలు, మోటెల్ గదిలో నా వాటా అందులో లేవని నాలుగు వారాల తరువాత తెలిసింది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. ఎఫ్ వన్ అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాడు సెమిస్టరు నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు, నా గంటల్లో సగం శనివారం, ఆదివారం భోజనశాలలోనే ఉండేవి. టోర్నమెంటుకు వెళ్లిన ప్రతి వారాంతం అటు ఖర్చు పెరిగేది, ఇటు కూలి పోయేది.

ఫిబ్రవరిలో వేరే ఊళ్లో ఆడుతూ, నెట్ దగ్గర బంతిని అడ్డుకునే బ్లాకరు పాదం మీద దిగాను. చీలమండ దగ్గర ఎముక చిట్లింది. విద్యార్థి బీమా ఉందన్న నమ్మకంతో కార్డు ఇచ్చి, కట్టు వేయించుకుని, కర్రలతో గదికి వచ్చాను. ఆరు వారాల తరువాత 3,200 డాలర్ల బిల్లు వచ్చింది, ఎందుకంటే జట్టు పోటీల్లో తగిలిన గాయాలు మా బీమాలో మినహాయింపు, ఆ వాక్యం నేను ఎన్నడూ తెరవని పుస్తకంలో చివరి పేజీల్లో ఉంది. అప్పుడు డాలరు 43 రూపాయల దరిదాపుల్లో ఉండేది. లక్షా ముప్పై ఏడు వేలు, నాన్నగారి ఏడాది జీతానికి పైమాటే. ఇంటికి చెప్పలేదు. నెలకు 80 డాలర్ల చొప్పున నలభై నెలలు కట్టాను. అప్పుచేసి పప్పుకూడు తినలేదు గానీ, ఆ కాలంలో పప్పుకూడు తప్ప మరొకటి తిన్న గుర్తు కూడా లేదు.

అందువల్ల మీ అబ్బాయి కోశాధికారిని మొహమాటపడకుండా అడగాలి: నిరుడు ఒక్కో ఆటగాడికి చందాతో సహా మొత్తం ఎంత అయింది, ఎన్ని ఊళ్లు తిరిగారు, జాతీయ పోటీలకు వెళ్తే విమానం టికెట్టు ఎవరు కొన్నారు. ఆ లెక్క చూపించలేని క్లబ్‌లో చేరకపోవడమే మేలు, వారం వారం క్యాంపస్‌లోనే జరిగే ఇంట్రామ్యూరల్ పోటీలు ఆడుకోవచ్చు. బీమా పుస్తకంలో మినహాయింపుల పేజీని తప్పక చదవాలి. కొన్ని బీమాలు విశ్వవిద్యాలయపు అసలు జట్టు గాయాలనే వదిలేస్తాయి, కొన్ని క్లబ్ ఆటను కూడా వదిలేస్తాయి, ఆ తేడా ఒక్క మాటలో ఉంటుంది. మినహాయింపు ఉంటే విడిగా ప్రమాద బీమా తీసుకున్నాకే కోర్టులో దిగాలి.

ఆడవద్దని మాత్రం నేను చెప్పను. బాకీ తీర్చిన వారమే నేను మళ్లీ కోర్టుకు వెళ్లాను. ఇప్పుడు 45 దాటినవారి విభాగంలో ఆడుతున్నాను, ఇప్పటికీ సెట్టర్‌నే. నేను సంక్రాంతి వరకు విల్లివాక్కంలో మా అన్నయ్యగారింట్లోనే ఉంటాను. అబ్బాయి విమానం ఎక్కేలోపు ఆ బీమా పుస్తకం తీసుకుని రమ్మనండి, ఫోనులో ఉంటే చాలదు, అచ్చు తీయించి తెమ్మనండి, ఎర్ర పెన్ను నా దగ్గర ఉంది.